బ్రీదర్ గొట్టానికి బిరడా

ఇమ్మానుయేలు మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ పాత కారు తెచ్చి బానెట్ ఎత్తినా, ఆయన కార్బురేటర్ల వంక చూసేవారు కాదు, ప్లగ్గుల గురించి అడిగేవారు కాదు. ముందు ఇంజన్ ఊపిరి వదిలే బ్రీదర్ గొట్టం ఊడదీసి, కొస తుడిచి, నోటి దగ్గర పెట్టుకుని ఊదేవారు. గాలి అటు పోతే తలూపేవారు. పోకపోతే గొట్టాన్ని యజమాని చేతిలోనే పెట్టి, "దీన్ని కిరోసిన్‌లో నానబెట్టి, కడిగి తీసుకురండి. తరవాత మాట్లాడుకుందాం" అనేవారు. పాలిటెక్నిక్‌లో ఇంజన్ల పాఠం చెప్పి రిటైరైన మనిషి. వయసులో ఉండగా ఘాట్ రోడ్డు పందేల్లో పేరున్న డ్రైవరు. విశాఖలోని ఆయన షెడ్డుకు బండి బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్ళు తక్కువ, నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు ఎక్కువ.

హైమావతి అలా నేర్చుకోవడానికి వచ్చినదే. పోర్టులో క్రేన్ల ఇంజనీరు. ఆదివారం వస్తే ఆమెను షెడ్డులోనే వెతుక్కోవాలి. మాస్టారి ఎర్ర కారు డెబ్బైలనాటిది, రెండు తలుపులు, రెండు కార్బురేటర్లు, మొండి బండి. ఆ ఏడు ఘాట్ పందెంలో దాన్ని ఆమే నడపాలని ఆయన నిర్ణయించారు. షెడ్డులో అడుగుపెట్టిన నాటినుంచీ ఆమె కోరుకున్నది ఆ ఒక్కటే.

పందేనికి ముందు ఆదివారం ఆమె బండి పక్కన నిలబడి, ఎటో చూస్తూ అడిగింది.

"మాస్టారూ, ఒక్కరోజు నోరు మూసుకుంటే మనిషికి పోయేదేముంది?"

ప్రశ్న ఊరికే పుట్టలేదు. పందెం నడిపే పాత కార్ల సంఘంలో ఒక ఆచారం ఉంది. పందెం నాటి ఉదయం కార్యదర్శి భూపతిరాజు గారు తెల్ల రుమాలుతో ప్రతి ఇంజన్‌నూ తుడుస్తారు. మరక అంటితే బండి పక్కకు పోవాల్సిందే. పాత ఇంజన్‌లో మండిన వాయువు కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, ఆయిల్ ఉండే గదిలోకి జారుతుంది. అది బయటపడే దారి బ్రీదర్ గొట్టం. వాయువుతోపాటు ఆయిల్ తుంపర కూడా వచ్చి ఇంజన్ మీద పడుతుంది. రుమాలుకు అంటేది అదే. అందుకని డ్రైవర్లు ఒక కిటుకు కనిపెట్టారు. తనిఖీకి ముందు గొట్టంలో బిరడా బిగించి, కనపడకుండా నల్లరంగు పూసి, తనిఖీ కాగానే పీకేయడం. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

నిరుడు వరహాలు అనే డ్రైవరుకు పీకే వ్యవధి దొరకలేదు. తనిఖీ కాగానే అతన్ని పందెం మొదలయ్యే గీత మీదికి పిలిచారు. కొండ సగం ఎక్కేసరికి లోపలి ఒత్తిడికి ఆయిల్‌ను ఆపే సీలు తన్నుకుని ఊడి, కాలుతున్న సైలెన్సర్ గొట్టం మీద ఆయిల్ చిమ్మి మంట లేచింది. అతని కుడిచెయ్యి మోచేతిదాకా కాలింది. అక్కడి మలుపులో హెచ్చరిక జెండా పట్టుకుని నిలబడ్డ హైమావతే ఇసుక చల్లి మంట ఆర్పింది. బిరడా గొట్టంలోనే ఉండటం కళ్ళారా చూసింది. సంఘం మాత్రం "డ్రైవరు అజాగ్రత్త" అని తేల్చి వరహాలును సభ్యత్వంలోంచి తీసేసింది. ఈ ఏడు భూపతిరాజు గారు ఆమెకు ఫోన్ చేశారు. "అమ్మా, మీకు మొదటి వరసలో చోటిస్తున్నాం. నిరుటి సంగతి మాత్రం ఎత్తకండి. మీకూ బాగుంటుంది, మాకూ బాగుంటుంది" అన్నారు.

"ఊరుకుంటానని కాదు మాస్టారూ," అంది హైమావతి. "పందెం అయ్యాక చెబుతాను. గెలిచి చెబితే వింటారు. ఇప్పుడు చెబితే బయటికి గెంటేస్తారు, అంతే కదా?"

మాస్టారు బండి వైపు చూశారు. "బిరడా తెచ్చావా?" అని అడిగారు.

ఆమె ముఖం కందింది. తెచ్చింది. రంగు కూడా వేసి ఉంది.

"అయితే పెట్టు. పెట్టి స్టార్ట్ చెయ్యి."

ఇంజన్ అందుకుంది. మాస్టారు ఆయిల్ పోసే మూత తీసి, ఆ మూతి మీద పల్చటి రబ్బరు చేతితొడుగు తొడిగి దారంతో కట్టారు. మొదట అది ఇంజన్ పైనుండే వాల్వు కవరు మీద సొమ్మసిల్లినట్టు పడి ఉంది. కాసేపటికి చిటికెన వేలు కదిలింది. తరవాత పక్క వేలు. ఒక్కొక్క వేలే లేచి, అరచెయ్యి ఉబ్బి, చివరికి మొత్తం చెయ్యి ఇంజన్ మీద నిటారుగా నిలబడింది. సభలో ఎవరో మాట్లాడటానికి అవకాశం అడుగుతున్నట్టు ఉంది.

"తొక్కు," అన్నారు మాస్టారు.

ఆమె యాక్సిలరేటర్ తొక్కింది. ఆయిల్ మట్టం చూసే కడ్డీ టప్పున ఎగిరి బయటపడింది. వెనకే నాలుగు చుక్కలు సైలెన్సర్ గొట్టం మీద రాలి పొగ లేచింది. ఆ వాసన ఆమెకు తెలుసు. నిరుడు ఎన్నిసార్లు స్నానం చేసినా జుట్టులోంచి పోనిది. ఆమె గబుక్కున తాళం తిప్పి ఆపేసింది.

"గాలికి నీ పందెం తేదీ తెలియదమ్మా," అన్నారు మాస్టారు, కడ్డీ తుడిచి దాని చోట పెడుతూ.

పందెం నాటి ఉదయం ఘాట్ అడుగున బండ్లు వరసగా నిలబడ్డాయి. భూపతిరాజు గారు ఇస్త్రీ మడత నలగని తెల్ల రుమాలుతో వచ్చారు. హైమావతి బానెట్ ఎత్తింది. గొట్టం తెరిచే ఉంది. ఇంజన్ అప్పటికే వేడెక్కి ఉంది. రుమాలు వాల్వు కవరు మీద ఒక్కసారి నడిచింది. బొటనవేలంత గోధుమరంగు మరక.

ఆయన ఆమె వైపు వంగి గొంతు తగ్గించారు. "ఏమిటి హైమగారూ ఇది? చిన్న బిరడా. అది కూడా మేమే చెప్పాలా?"

"చెప్పండి. కాస్త గట్టిగా చెప్పండి, అందరికీ వినపడాలి."

"నెమ్మది. మీ చోటు మీరే పోగొట్టుకుంటున్నారు."

"పోనివ్వండి." ఆమె వరసకేసి తిరిగింది. "నిరుడు వరహాలు చెయ్యి కాలింది అజాగ్రత్త వల్ల కాదు. ఈ రుమాలు కోసం పెట్టిన బిరడా వల్ల. అది గొట్టంలో ఉండగా నేను చూశాను. ఇన్నాళ్ళూ నోరెత్తలేదు."

వెనకనుంచి ఒక గొంతు, "ఏం హైమా, బండికన్నా ముందు నువ్వే స్టార్టయిపోయావే!" అంది. అందరూ నవ్వారు.

తాడుకు అవతల, చూడవచ్చిన జనంలో, మాస్టారి పక్కన వరహాలు ఉన్నాడు. ముడతలు పడ్డ చెయ్యి తాడు మీద ఆనించి అరిచాడు. "నవ్వండ్రా, నవ్వండి. గొట్టంలో బిరడా ఉన్నోళ్ళు ఇంకాస్త గట్టిగా నవ్వండి. మొహాలు గుర్తెట్టుకుంటాను."

నవ్వు ఆగిపోయింది.

భూపతిరాజు గారు రుమాలు మడిచారు. "మరక ఉంది. నియమం నియమమే. బండి పక్కకు తియ్యండి."

"తీస్తాను. రుమాలు మాత్రం జేబులో దాచకండి," అంది హైమావతి.

ఆమె బండిని వెనక్కి నడిపి, రోడ్డు పక్క కంకర మీద ఆపింది. వరసలో మూడో బండి డ్రైవరు దిగాడు. ఎవరి వంకా చూడకుండా బానెట్ ఎత్తి, బిరడా పీకి రోడ్డు మీదికి విసిరేశాడు. ఇంకొకడు దిగాడు. ఆ తరవాత ఇంకొకడు. కొందరు దిగలేదు. భూపతిరాజు గారు ఆ తరవాత ఏ ఇంజన్‌నూ తుడవలేదు. ఏం తోచక జెండా ఊపారు, పందెం నడిచింది. వరహాలు సభ్యత్వం గురించి ఎవరూ ఏమీ ప్రకటించలేదు.

సాయంత్రం కప్పు ఎవరికో ఇచ్చారు. గుడారం విప్పారు. ఘాట్ మీదికి మళ్ళీ బస్సులు, లారీలు వదిలారు. హైమావతి ఇంకా కారు ముందు బంపరు మీదే కూర్చుని ఉంది.

"నోరు మూసుకుని ఉంటే ఈపాటికి పందెం ముగించి కొండమీద ఉండేదాన్ని మాస్టారూ," అంది.

మాస్టారు తలుపు తీసి డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నారు. తలుపు గట్టిగా వేసుకున్నారు.

"రోడ్డు వాళ్ళ తాతలు వేసింది కాదు," అన్నారు. "బండి పోనీ."