ఇసకదిబ్బ పిట్టలు, ఫొటోల సత్యవేణి

ఇటు జరుగు బుజ్జీ, కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఊఁ కొడితేనే చెబుతాను.

అనగనగా గోదారి సముద్రంలో కలిసేచోట చినమొగ అని ఒక ఊరు. ఆ ఊళ్ళో సత్యవేణి అని, పెళ్ళిళ్ళలో ఫొటోలు తీసే అమ్మాయి ఉండేది. అది గడ్డం ఎత్తమంటే పెళ్ళికూతురు ఎత్తాలి, నవ్వమంటే పెళ్ళికొడుకు నవ్వాలి. ఆఖరికి మంత్రాలు చదివే పంతులుగారైనా ఆ పిల్ల చెయ్యెత్తితే ఆగాల్సిందే. అంత పెత్తనం!

ఊరికి ఎదురుగా నీళ్ళ మధ్య ఒక ఇసకదిబ్బ. వేసవి వస్తే తెల్లటి సముద్రపు పిట్టలు వేలకు వేలు వచ్చి దాని మీద గుడ్లు పెడతాయి. పుల్లలుండవు, పీచుండదు. వట్టి ఇసకలో గుంట, గుంటలో గుడ్డు, అంతే. ఎవరూ తొక్కకుండా ఫారెస్టు వాళ్ళు చుట్టూ గుంజలు పాతి తాడు కట్టారు.

తల్లిపిట్ట గుడ్డు మీద కూచున్న ఫొటో తీసి తీరతానంది సత్యవేణి. చెప్పులరిగేలా ఆఫీసు చుట్టూ తిరిగింది. చివరికి ఒక్క పొద్దుటి పూటకి, తాడు ఇవతలే నిలబడి తీసుకోమని పర్మిషన్ ఇచ్చారు.

అప్పుడు గార్డు మరియమ్మతో పడవెక్కి దిబ్బకి వెళ్ళింది. తాడు దగ్గర నిలబడి, "ఏయ్, అందరూ ఇటు చూడండి!" అని అలవాటుగా అరిచింది. ఒక పిట్ట పైనుంచి టపీమని నెత్తిన రెట్ట వేసింది. మరియమ్మ పడీపడీ నవ్వింది.

ఆ తర్వాత, "బంగారాలూ, ఒక్కసారమ్మా" అని బతిమాలింది. ఇంకో పిట్ట రివ్వున దిగి టోపీ మీద ఠక్కున పొడిచింది. వినడానికి అవేమైనా పెళ్ళివారా?

ఆ తర్వాత ఒకడుగు వెనక్కి వేయబోయి, కాలు గాల్లోనే ఆపేసింది. తాడుకి ఇవతల, పడవ దిగి నడిచే దారిలో, ఎవరిదో పాత అడుగు గుంటలో ఇసకరంగు గుడ్డు! తాడు కట్టాక వచ్చి పెట్టినట్టుంది ఆ వెర్రితల్లి. వీళ్ళున్నారని వాలలేక పైన తిరుగుతూ ఒకటే గోల. ఎండేమో ఎక్కిపోతోంది.

"తల్లి వాలకపోతే గుడ్డు ఉడికిపోద్దమ్మాయ్," అంది మరియమ్మ. "ఎల్లిపోదామంటే నీకు మళ్ళీ పర్మిషన్ ఇవ్వరు. ఏం చేద్దాం?"

నాకైతే ఏడుపొచ్చేసేది. సత్యవేణి ఏడవలేదు. "తాడు జరుపుదాం పదండి," అంది.

ఇద్దరూ గబగబా ఆ వైపు గుంజలు పీకి, గుడ్డు లోపలికొచ్చేలా నీళ్ళ అంచున పాతారు. మరి ఇప్పుడు తాడు ఇవతల నిలబడాలంటే ఎక్కడ నిలబడాలి? నీళ్ళలోనే! మరియమ్మ పడవని దూరంగా తీసుకుపోయింది. సత్యవేణి నడుంలోతు నీళ్ళలోకి దిగి, కెమెరా కంటికి ఆనించి, కదలకుండా మెదలకుండా నిలబడింది. పుట్టి బుద్ధెరిగాక అది అంతసేపు నోరు మూసుకోవడం అదే మొదలు.

కాసేపటికి తల్లిపిట్ట కిందికి దిగింది. గుడ్డు దగ్గరికి కాదే, తిన్నగా సత్యవేణి పక్కకి! చెయ్యి చాపితే అందేంత దగ్గర. పొట్ట నీళ్ళలో ముంచి, ఈకలు బాగా తడుపుకుంది. అప్పుడు ఎగిరివెళ్ళి, ఆ తడిపొట్టతో కాలుతున్న గుడ్డు మీద కూచుంది. లోపలున్న బుజ్జిదానికి ఎంత చల్లగా అనిపించిందో! సత్యవేణి ఫొటో తీసేసింది.

ఆ ఫొటో చూడ్డానికి ఊరంతా గుమిగూడింది. జరిగిందంతా విని వాళ్ళమ్మ బుగ్గలు నొక్కుకుంది. "అంత బెదురు పిట్ట నీ పక్కకెలా వచ్చిందే?"

సత్యవేణి నడుం మీద చేతులేసుకుని, "నన్ను గుంజ అనుకుందమ్మా!" అంది. ఎన్ని పెళ్ళిళ్ళలో ఎంతమంది మెచ్చుకున్నా, అంత గర్వంగా ఎప్పుడూ నవ్వలేదట.

కథ కంచి దారి పట్టింది,
పిట్ట గుడ్డు మీద ఒదిగింది,
ఇంట్లో దీపం కొండెక్కింది,
మా బుజ్జికి నిద్దరొచ్చింది.