పల్లకీలోంచి పరీక్ష

వేటకుక్కలను వైద్యుడు పరీక్షించి, ముద్ర వేసిన తాటాకు ఇస్తేనే జత కట్టించాలని రాజుగారు చాటింపు వేయించారు. ముద్ర దొరకని కుక్కను పొలిమేర దాటించేస్తారట! కుక్కలు సాకే ఎర్రక్క తన ఆడకుక్క గోరింటతో కోటకు పరుగెత్తింది.

కుక్కలంటే హడలిపోయే రాజవైద్యుడు భూషణాచారి పల్లకీ దిగకుండానే తొంగిచూసి, "తుంటి వంకర. పనికిరాదు!" అనేశాడు.

"ముట్టుకోకుండానే తెలిసిందా అయ్యగారూ?"

"నాకే నేర్పుతావుటే? తల్లి వంకర పిల్లలన్నిటికీ వస్తుంది."

"ఒక్కటీ తప్పించుకోదా?"

"ఒక్కటంటే ఒక్కటీ తప్పించుకోదు!"

ఎర్రక్క అక్కడే ఉన్న రాజుగారికి దండం పెట్టింది. "మారాజా, మీ వేటకుక్క పిడుగు ఈ గోరింట కడుపున పుట్టినదే. దానికి ఏ లోపమూ లేదని నిన్ననే అయ్యగారు ముద్ర వేశారు. ఇవాళ్టి మాటే నిజమైతే పిడుగునూ పొలిమేర దాటించాలి కదా?"

రాజుగారు పక్కనున్న పిడుగును దగ్గరికి లాక్కుని వైద్యుడి వైపు గుర్రుగా చూశారు.

భూషణాచారి గబుక్కున తల పల్లకీలోకి లాక్కున్నాడు. "మళ్లీ... చూస్తాను."

"చూడండయ్యా. కానీ తుంటి సంగతి దిగి, చేత్తో తడిమితేనే తెలుస్తుంది."

బోయీలు అప్పటికే నవ్వాపుకుంటూ పల్లకీ దించేశారు.

గోరింటకు ముద్ర దొరికింది. వైద్యుడి చెయ్యి వణకడంతో అదొక్కటే వంకరగా పడింది.