రోడ్డు దాటావా?

తణుకులో కంప్యూటర్లు బాగుచేసే వీరభద్రాచారిగారికి ఒక వింత అలవాటు. ఎవరింట్లోనైనా మిషను సిద్ధం చేశాక తన వైర్లూ పెన్‌డ్రైవులూ అన్నీ సంచిలో వేసుకుని, బయటికి నడిచి, రోడ్డు దాటి అవతల నిలబడతారు. అక్కణ్ణుంచి "ఇప్పుడు నొక్కండమ్మా!" అని కేకేస్తారు. మీట ఇంటివాళ్ళే నొక్కాలి. మిషను లేచిందని వాళ్ళు చెబితేగాని ఆయన అక్కణ్ణుంచి కదలరు. ఎండైనా అంతే, వానైనా అంతే. శిష్యుడు త్రిమూర్తులు దీన్ని "గురువుగారి మడి" అని వెక్కిరించేవాడు, చాటుగా లెండి.

త్రిమూర్తులు చురుకైనవాడు. ఆత్రం కూడా ఎక్కువే. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు. "గురువుగారండీ, నేను సొంతంగా కొట్టు పెట్టుకోవచ్చాండి? ఇంకా నాకేం తక్కువండి?"

ఆచారిగారు ఔననలేదు, కాదనలేదు. "ఎస్తేరమ్మ మిషను నువ్వే చెయ్యి. నేను రాను," అని తన పనిలో పడిపోయారు.

ఎస్తేరు మా కాలేజీలో బి.ఏ. చదివే పిల్ల. పుట్టుకతోనే చూపు లేదు. పోయినేడు చరిత్ర పరీక్షలో, తను చెబుతుంటే రాయడానికి ఒకాయన్ని పక్కన కూర్చోబెట్టారు. ఆ మహానుభావుడు పిల్ల చెప్పింది ఒకటైతే రాసింది మరొకటి. పాపం, పిల్ల తప్పింది. ఈసారీ తప్పితే చదువు మాన్పించేస్తామని ఇంట్లో కూర్చున్నారు. దాంతో మాట్లాడే కంప్యూటరు మీద తనే రాసుకుంటానని పట్టుబట్టి అనుమతి తెచ్చుకుంది. షరతులు మాత్రం గట్టివి. మిషనులో రాసుకునే సదుపాయం, చదివి వినిపించే గొంతు తప్ప మరేదీ ఉండకూడదు. ముందురోజు సాయంత్రమే తెచ్చి అప్పగించాలి, గదికి సీలు పడాలి. ఆ తరవాత బయటి వస్తువు చీపురుపుల్లంతదైనా లోపలికి రాకూడదు. ఆ సీలు వెయ్యాల్సిన పరీక్షల ఇన్‌చార్జిని నేనే.

మామూలు ఆపరేటింగ్ సిస్టమ్ ఇందుకు పనికిరాదు. అందుకని త్రిమూర్తులు అక్కర్లేనివన్నీ కోసేసి, కావలసినవాటిని ఒక్క మూటగా కట్టాడు. అలాంటి మూటని వాళ్ళు ఇమేజ్ అంటారట. దాన్ని గురువుగారు ఎప్పుడో ఇచ్చిన పెన్‌డ్రైవులో పెట్టుకొచ్చి, మిషనులో పాత సరుకంతా చెరిపేసి ఎక్కించాడు.

పరీక్షకి ముందురోజు సాయంత్రం, సీలు పడాల్సిన గదిలో మీట నొక్కగానే మిషను "నమస్కారం. రాయడానికి సిద్ధం," అంది తేట తెలుగులో. ఎస్తేరు ముఖం చూడాలి మీరు! తన పేరు తనే కొట్టింది, అది చదివి వినిపించింది. "నేను రాసిందే చదివిందండి సార్!" అని పిల్ల పొంగిపోయింది. నాకూ ముచ్చటేసింది. త్రిమూర్తులు కాలరు సర్దుకున్నాడు.

"బాగుందయ్యా. ఇక ఆ పుల్ల తీసెయ్, సీలు వేస్తాను," అన్నాను. పెన్‌డ్రైవు పీకేశాడు. "నువ్వే ఒకసారి ఆపి మళ్ళీ లేపమ్మా," అన్నాను. ఎస్తేరు ఆపింది. మళ్ళీ మీట నొక్కింది.

గొంతు లేదు.

తెర నల్లగా ఉంది. పైన ఒక మూల తెల్లగా ఇంగ్లీషు ముక్క, లేవడానికి ఏ డిస్కూ దొరకలేదని. ఆ ముక్క ఎస్తేరుకి కనబడదు కదా! కాసేపు చెవులు రిక్కించి కూర్చుంది. "లోపల ఫ్యాను తిరుగుతోంది, కరెంటుంది. మరి మాట్లాడదేం సార్?" అంది. మా ఇద్దరికీ నోట మాట రాలేదు. "మీరైనా ఏదో ఒకటి చెప్పండి సార్," అంది.

త్రిమూర్తులు పెన్‌డ్రైవు గుచ్చాడు. మాట్లాడింది. పీకాడు. మూగనోము పట్టింది. మళ్ళీ గుచ్చి నా వైపు తిరిగి చేతులు జోడించాడు. "సార్, ఇదొక్కటీ ఉండనివ్వండి సార్! వేలెడంత లేదు, ఎవరు చూస్తారండి?" అబద్ధమెందుకు, నా మనసు కూడా మెత్తబడింది. ఎస్తేరే తల అడ్డంగా ఊపింది.

"వద్దు సార్. పోయినేడూ పక్కన ఒకరుంటే చాలన్నారు."

చెంప ఛెళ్ళుమన్నట్టయింది మాకు. త్రిమూర్తులు ఫోను తీసి స్పీకరులో పెట్టి, "గురువుగారండీ, కొంప మునిగిందండి! పుల్ల పీకితే లేవట్లేదండి! మీరు ఒక్కసారి రండి!" అని గోలపెట్టాడు. అవతల టీ గ్లాసుల చప్పుడు వినబడింది. తరవాత ఆచారిగారి గొంతు, "రోడ్డు దాటావా?" అని అడిగింది. అంతే, ఫోను పెట్టేశారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇక్కడ ఒక ఆడపిల్ల చదువు గంగలో కలిసిపోతుంటే, ఈ పెద్దమనిషి టీ తాగుతూ పొడుపుకథలు వేస్తాడా? అనకూడని మాట కూడా అనేశాను. త్రిమూర్తులు మాత్రం నెత్తిన చెయ్యి పెట్టుకుని నేల మీద కూలబడ్డాడు.

"లేపే ముక్క కోసేశానండి," అన్నాడు. "మీట నొక్కగానే మిషన్ను ముందు తట్టిలేపేది అదేనండి. అది మిషను లోపలి డిస్కులో ఉండాలి. ఇమేజ్ తేలిగ్గా ఉండాలని నేనే తీసిపారేశాను. గురువుగారి పుల్లలో అదెప్పుడూ ఉంటదండి. ఆ పుల్ల గుచ్చే ఉంచి లేపాను, లేచింది. నేను కట్టింది ఒక్కసారి కూడా దానంతటది లేవలేదండి!" అంటూ కళ్ళు ఒత్తుకున్నాడు.

"ఏడుపు తరవాత, ముందు పని చూడు," అని కసిరాను. సీలు వేళ దగ్గరపడుతోంది. వాడు కళ్ళు తుడుచుకుని కూర్చుని, ఆ ముక్కని డిస్కులో తన చేత్తోనే పెట్టాడు. ఒకసారి కుదరలేదు. తిట్టుకున్నాడు, మళ్ళీ పెట్టాడు. మిషను ఆపాడు. పెన్‌డ్రైవూ వైర్లూ సంచీ అన్నీ తీసుకుని, మాతో మాటైనా చెప్పకుండా గది దాటి, గేటు దాటి వెళ్ళిపోయాడు. కొంతసేపటికి రోడ్డు అవతల నుంచి ఒక బొంగురు కేక వినబడింది. "ఇప్పుడు నొక్కండమ్మా!"

ఎస్తేరు మీట నొక్కింది.

"నమస్కారం. రాయడానికి సిద్ధం."

పిల్ల మిషను మీద తల ఆన్చి వెక్కివెక్కి ఏడ్చింది. నేను కిటికీలోంచి చెయ్యూపి, గదికి సీలు వేసి, నాలిక పిడచకట్టుకుపోతే టీ కోసం నేనూ రోడ్డు దాటాను. అక్కడ చూసి కొయ్యబారిపోయాను. టీ బడ్డీ వెనకాల స్కూటరు మీద ఆచారిగారు! కాళ్ళ దగ్గర దుప్పట్లో చుట్టిన ఇంకో కంప్యూటరు ఉంది, అంతా సిద్ధం చేసిందే.

"మధ్యాహ్నం నుంచీ ఇక్కడే ఉన్నానండి," అన్నారాయన. "ఏమైనా ఆ పిల్ల పరీక్ష ఆగకూడదు కదండీ."

నేను అన్న మాటలు గుర్తొచ్చి తల దించుకున్నాను. త్రిమూర్తులు రెండు చేతులతో ఆ పెన్‌డ్రైవును ఆయనకి తిరిగి ఇచ్చేశాడు. ఆయన దాన్ని జేబులో వేసుకుని స్కూటరు స్టార్టు చేశారు. వీడు హ్యాండిలు పట్టుకుని నసిగాడు. "గురువుగారండీ, మరి ఇప్పుడు నేను కొట్టు పెట్టుకోవచ్చంటారా?"

ఆచారిగారు వాడి చెయ్యి మెల్లిగా తప్పించారు.

"అది కూడా నన్నే అడుగుతావేంట్రా?"