బావమరిది గోత్రం చెప్పిన టైరు

పెదగుమ్మి సంస్థానాన్ని ఏలే మకరధ్వజ భూపతికి ఆ ఏడు తొలకరిలో తీరని అవమానం జరిగింది. కొత్త పికప్ బండిలో దర్జాగా కొండమీది అత్తవారింటికి బయలుదేరిన దొర, సగం దారిలో బురదలో దిగబడ్డాడు. బండి కదల్లేదు. చివరికి ఎవరిదో దున్నపోతునెక్కి అత్తగారి గుమ్మంలో దిగాడు. అత్తగారు హారతి పళ్లెంతో ఎదురొచ్చి, ముందు దున్నపోతుకి బొట్టుపెట్టింది.

తిరిగొచ్చీ రాగానే సభ పిలిచి గర్జించాడు.

"మన బండికి కొత్త టైర్లు కావాలి! బురదలో దిగబడకూడదు. రాళ్లమీద చిరగకూడదు. తారురోడ్డు మీద నా కునుకు చెడకూడదు. దసరాకి మళ్లీ అత్తవారింటికి వెళ్తున్నాను. ఈసారి గనక దున్నపోతు కనబడిందంటే ఒక్కొక్కడి తోలు తీస్తాను!"

పట్నం వర్తకుడు మూడు రకాల టైర్లు పంపాడు. సభలో వరసగా నిలబెట్టారు. మొదటిది నున్నగా ఉంది. రెండోదానికి బెత్తెడేసి పళ్లు. మూడోదానికీ పళ్లున్నాయి గానీ, మరీ అంత కొరికేలా లేవు.

చంద్రచూడబాబు ముందుకొచ్చి రెండో టైరుని బూటుతో తన్నాడు. ఈయన రాణిగారి తమ్ముడు. అక్కతోపాటు అరణంలా వచ్చి కోటలోనే తిష్ఠ వేశాడు. ఒక్క వేసవి మద్రాసులో గడిపొచ్చి, ఆనాటినుంచి తనకు తెలియనిది భూమ్మీద లేదని తేల్చుకున్నాడు.

"ఇదే బావగారూ! దీన్ని చూస్తే బురదే భయపడి పక్కకి తప్పుకుంటుంది."

దొర కూర్మన్న వైపు తిరిగాడు. కూర్మన్న ఆస్థాన విదూషకుడు. దొర భోంచేస్తున్నంతసేపూ నవ్వించడమే అతని కొలువు.

"నువ్వేమంటావురా?"

"మూడోది ప్రభూ. మొదటిది పెళ్లికొడుకు చెప్పులాంటిది, పందిరి దాటితే జారుతుంది. రెండోది రాక్షసి దవడ. బురదని నములుతుంది, కాదనను. కానీ మన దారిలో ముప్పాతిక వంతు తారురోడ్డే కదా! దానిమీద ఈ కోరలు ఊళ్లన్నీ లేచేలా అరుస్తాయి, అరిగి బోసినోరవుతాయి. మూడోది అచ్చం తమరిలాంటిది."

"నాలాంటిదా? ఎలా?"

"సభలో గట్టిగా ఉంటుంది, అంతఃపురంలో మెత్తబడుతుంది. అందుకే ఎక్కడా ఇరుక్కోదు."

తెరవెనక రాణిగారి గాజులు గలగలలాడాయి. దొర పొలమారినట్టు దగ్గాడు.

చంద్రచూడబాబుకి ఒళ్లు మండింది.

"బండెక్కితే కళ్లు తిరిగే వీడా టైర్ల గురించి చెప్పేది? నేను నేలమీద అచ్చు చూసి, టైరు ఏ దేశంలో పుట్టిందో, దాని గోత్రమేమిటో చెబుతాను. చెప్పానంటే నా టైర్లే బిగించాలి. వీడి కొలువు ఊడబెరకాలి!"

"చెప్పలేకపోతే వాడి టైర్లు. సాయంత్రం అచ్చు వేయించు కూర్మన్నా, చూద్దాం" అన్నాడు దొర. పందెమంటే ఆయనకి పప్పన్నం.

కూర్మన్న కాళ్లీడ్చుకుంటూ బయటికొచ్చాడు. నవ్వించడం తప్ప మరో పని చేతకాదు. ఈ కొలువు పోతే ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు. ఈ బాబుకి టైర్ల గురించి నిజంగానే తెలిస్తే? అంతలో వంటశాల వైపునుంచి కమ్మగా బెల్లం వాసన వచ్చింది. కూర్మన్న ఆగాడు. రెండుసార్లు ముక్కు ఎగబీల్చి, అటు నడిచాడు.

సాయంత్రం కోట పెరట్లో తడిమట్టిమీద బారెడు పొడవున అచ్చు సిద్ధంగా ఉంది. సన్నటి గాళ్లు, ఒకదాని పక్కన ఒకటి, చూడముచ్చటగా ఉన్నాయి.

చంద్రచూడబాబు కళ్లజోడు పెట్టుకుని, మోకాళ్లమీద కూర్చుని, చేతికర్రతో కొలిచి లేచాడు.

"జర్మనీ సరుకు! కొండలకోసమే పుట్టింది. ఈ గాళ్లు చూశారా బావగారూ? నీళ్లు ఇటునుంచి జారిపోతాయి. దీనిమీదే నేను మద్రాసులో షికార్లు తిరిగాను."

"బరువెంత మోస్తుంది బాబూ?" కూర్మన్న వినయంగా అడిగాడు.

"ఏనుగుని ఎక్కించు!"

"వేడికి తట్టుకుంటుందా?"

"నిప్పుల్లో నడిపినా చెక్కుచెదరదు."

"పట్టు ఎలా ఉంటుందంటారు?"

"ఉడుంపట్టు!"

అప్పుడే వంటశాల తలుపు దభాలున తెరుచుకుంది. వంటలక్క అప్పలనరసమ్మ చిల్లులగరిటె ఝళిపిస్తూ ఊడిపడింది. వస్తూనే దొర ఉన్నాడని కూడా చూడలేదు.

"నా గవ్వలచెక్క ఏ చచ్చినోడు ఎత్తుకుపోయాడ్రా? పిండి ఎండిపోతోంది, అవతల పాకం ముదిరిపోతోంది!"

కూర్మన్న ఉత్తరీయం కిందనుంచి మట్టి అంటిన, సన్నటి గాళ్లున్న గవ్వలచెక్క తీసి, రెండు చేతులతో చంద్రచూడబాబుకి అందించాడు.

"తమ జర్మనీ టైరు, బాబూ."

దొర అచ్చు వైపు చూశాడు, చెక్క వైపు చూశాడు, బావమరిది వైపు చూశాడు. మీసం వణికింది.

"మరి ఉడుంపట్టు సంగతేమిటిరా, కూర్మన్నా?"

"బురద సంగతి నాకు తెలీదు ప్రభూ. పాకం మాత్రం పట్టిందంటే వదలదు!"

దొర పొట్ట పట్టుకుని అక్కడే గట్టుమీద కూలబడ్డాడు. తలపాగా మట్టిలో దొర్లింది. అంతఃపురం కిటికీలో తెర చాటు మరిచిపోయి రాణిగారు కూడా పగలబడి నవ్వారు. చంద్రచూడబాబు చేతిలోని చెక్కని అప్పలనరసమ్మ లాక్కుని, "తమరు షికార్లు తరవాత తిరుగుదురుగాని, ముందు నన్ను గవ్వలు చేసుకోనివ్వండి" అంటూ లోపలికి పోయింది.

దొర కళ్లు తుడుచుకుంటూ లేచి, మూడో రకం టైర్లు బిగించమని కేకవేశాడు. తన భుజంమీది జరీ పట్టుశాలువా తీసి, కూర్మన్నకి తనే కప్పాడు.

"ఎవడి పట్టు ఎంతో కనిపెట్టావురా! ఇంద, నీకీ పట్టు!"