గవరయ్య దాచిన సాయంత్రాలు

అనకాపల్లిలో గవరయ్య అనే పెళ్ళివంటల మేస్త్రి ఉండేవాడు. అతని వంటకి వంక పెట్టేవాళ్ళు లేరు గానీ, పరువు పోతుందంటే చాలు, అతని నోట నిజం వచ్చేది కాదు.

పొయ్యి వెలిగించే ముందు స్నానం చేసి, పొయ్యికి పసుపు రాసి దండం పెట్టుకునేవాడు. "గవరయ్య నిష్ఠ గల మనిషి" అని ఊరంతా అనుకునేది. రోజూ సాయంత్రం గోడ చాటుకి వెళ్ళి సీసా ఎత్తేవాడనీ, వెంటనే నాలుగు లవంగాలు నమిలేవాడనీ భార్య నూకరత్నానికి ఒక్కదానికే తెలుసు. ఇరవై ఏళ్ళలో ఒక్క సాయంత్రమూ తప్పలేదు. ఆ అలవాటు దాచడానికి పడ్డ పాట్లలో సగం మానడానికి పడి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ఒక మాఘమాసంలో గవరయ్య కడుపునొప్పితో కుప్పకూలాడు. ఆసుపత్రికి తీసుకెళ్తే, పిత్తాశయంలో రాళ్ళున్నాయి, మర్నాడే ఆపరేషన్ చేయాలి అన్నారు. మత్తు ఇచ్చే డాక్టరు వసుంధర వివరాలు అడగడానికి వచ్చింది. మనవాళ్ళ సంగతి తెలిసిందే కదా, ఒకరు మంచమెక్కితే ఇంటిల్లిపాదీ మంచం చుట్టూ చేరతారు. గవరయ్య కూతురికి అంతకు వారం ముందే సంబంధం కుదిరింది. కాబోయే వియ్యంకుడు అప్పలనాయుడు కూడా బత్తాయిలు పట్టుకుని వచ్చి తలాపున నిలబడ్డాడు.

"తాగే అలవాటుందా?" అని అడిగింది డాక్టరు.

గవరయ్య నోరు తెరిచేలోపే అప్పలనాయుడు నవ్వాడు. "మా బావగారికా? ఆ వాసనే పడదండి!"

"అవునమ్మా, నానెప్పుడూ ముట్టలేదు," అన్నాడు గవరయ్య.

నూకరత్నం ఏదో చెప్పబోయింది. భర్త గుడ్లురిమి చూసేసరికి ఆగిపోయింది. డాక్టరు కాగితం మీద 'లేదు' అని రాసుకుని వెళ్ళిపోయింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ మర్నాటికి గవరయ్య చేతులు వణకసాగాయి. మూడోరోజు మధ్యాహ్నం అతను మంచం మీద లేచి కూర్చున్నాడు. వార్డులోని రోగులంతా అతని కళ్ళకి విస్తళ్ళ ముందు కూర్చున్న పెళ్ళివారిలా కనిపించారు.

"బంతి కూకోబెట్టకండి! అన్నం ఇంకా ఉడకలేదు!" అని కేకలు పెడుతూ సెలైన్ గొట్టం పీకేశాడు. సాయంత్రానికి ఒళ్ళు జ్వరంతో కాగిపోయింది. కుట్ల దగ్గర చీము పట్టింది. ఊపిరితిత్తులకి నెమ్ము చేరింది. బతుకుతాడో లేదో చెప్పలేమన్నారు.

నూకరత్నం ఇక ఉండబట్టలేకపోయింది. డాక్టరు చేతులు పట్టుకుని ఏడ్చింది. "తాగుతాడమ్మా. రోజూ తాగుతాడు. నాను సెప్పాల్సింది, సెప్పలేకపోనాను."

డాక్టరు ఆమెని పక్కన కూర్చోబెట్టుకుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "రోజూ తాగేవాళ్ళ ఒంట్లో రోగంతో పోరాడే శక్తి ముందే తగ్గి ఉంటుందమ్మా. కోత పడ్డాక ఇంకా తగ్గుతుంది. మత్తుమందుల్లో కొన్ని ఆ శక్తిని ఎక్కువ కుంగదీయొచ్చు, కొన్ని తక్కువ. తెలిసి ఉంటే, పీల్చే మత్తు బదులు నరంలోకి ఎక్కించే మత్తు ఎంచుకునేదాన్ని. తాగుడు ఉన్నట్టుండి ఆగితే వచ్చే ఈ వణుకూ కలవరింతలూ రాకుండా ముందే మందు వేసేదాన్ని. అప్పుడు చీము పట్టేదే కాదని చెప్పలేను. కానీ నేను చేయగలిగింది కూడా చేయనివ్వలేదు ఆయన. పదిమంది ముందు అడగడం నా పొరపాటు."

ఐదు రోజులకి గవరయ్యకి తెలివొచ్చింది. చీము తీయడానికి మళ్ళీ కోయాలన్నారు. డాక్టరు వస్తూనే, "అందరూ కాస్త బయటికి వెళ్ళండి," అంది.

"ఉండండి బావగారూ," అన్నాడు గవరయ్య, వెళ్ళబోతున్న అప్పలనాయుడితో. అతని గొంతు పీలగా వచ్చింది. "డాక్టరమ్మా, రాసుకోండి. రోజూ తాగుతాను. ఇరవై ఏళ్ళయింది. అప్పుడు అబద్ధం సెప్పినాను."

అప్పలనాయుడి మొహం మాడిపోయింది. "ముందే తెలిస్తే ఈ సంబంధానికి వచ్చేవాణ్ణి కాదేమో బావగారూ," అన్నాడు. "ఆ మాట తర్వాత ఆలోచిద్దాం. ముందు మీరు మంచం దిగండి."

ఈసారి డాక్టరు అతని ఒంటికి తగిన మత్తు ఎంచుకుంది. వణుకుకి వేస్తున్న మందు ఆపకుండా కొనసాగించింది. గాయం మానడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో గవరయ్య సీసా ముట్టలేదని చూశాకే అప్పలనాయుడు ముహూర్తం పెట్టించాడు.

ఊళ్ళో అందరి పిల్లల పెళ్ళిళ్ళకీ వండిన గవరయ్యకి, సొంత కూతురి పెళ్ళినాడు గరిటె ఎత్తే బలం లేదు. పందిట్లో కుర్చీలో కూర్చుని, పక్కూరి మేస్త్రి వండిన అన్నం తిన్నాడు. తింటూ కళ్ళు తుడుచుకున్నాడు.

లోకం ముందు పరువు కోసం ఏం దాచుకున్నా, మన ప్రాణం ఎవరి చేతిలో పెడతామో ఆ వైద్యుడి దగ్గర మాత్రం నిజం దాచకూడదు.