ఎడమ గడిలోని మాట

పల్నాటి మైదానాల్లో ముప్పై ఏళ్లు రోలరు నడిపిన ఏసోబు ఈ కథను ఒక పెళ్లి పందిట్లో, రెండో బంతి భోజనం కోసం ఎదురుచూస్తూ నాకు చెప్పాడు. ఏసోబుకు మాటను కాస్త పెంచి చెప్పే అలవాటు ఉంది. అందువల్ల విన్నది విన్నట్టుగా నమ్మలేక, కొన్నాళ్లకు కథలోని అమ్మాయి ఇప్పుడు పనిచేస్తున్న ఊరికి వెళ్లి ఆమెనే అడిగాను. ఆమె లోపలికి వెళ్లి, అంచులు నలిగిన ఒక నోటుపుస్తకం తెచ్చి నా ముందుంచింది. దానితో సరిచూస్తే, ఏసోబు పెంచి చెప్పినది ఒక్క వాన సంగతే. మైదానంలో మోకాలిలోతు నీళ్లు నిలిచాయన్నాడు. నిలిచినవి నాలుగు వేళ్ల మందం. తక్కినదంతా జరిగింది జరిగినట్టే.

నరసరావుపేటకు కొద్ది దూరంలో ఉన్న ఒక క్రికెట్ మైదానంలో, తప్పు మాట్లాడతానేమోనన్న భయంతో ఏ మాటా ముందుగా చెప్పని త్రికోటేశ్వరి అనే అమ్మాయి పనిచేస్తూ ఉండేది. ఆమెకు ఇరవై రెండేళ్లు. మిరప పండించే రైతు కూతురు. వ్యవసాయ డిప్లొమా చదివి, బంతి పడి లేచే ఆ ఇరవై రెండు గజాల నేలను, అంటే పిచ్‌ను, తయారుచేసే పనిలో కొత్తగా చేరింది. ఏడాదిపాటు ఆమె పని చూసి, నచ్చితేనే ఉద్యోగం ఖాయం చేస్తామని క్రీడా సంఘం వారు చెప్పారు. అప్పటికి ఆరు నెలలు గడిచాయి. ఎవరు ఏది అడిగినా ఆమె జవాబు ఒక్కటే: "సాబుగారిని అడిగి చెప్తానండి."

"చెల్లెమ్మా, నీకు ఆకలేస్తుందో లేదో కూడా సాబుగారినే అడుగుతావా?" అని ఏసోబు ఆటపట్టించేవాడు.

ఆ సాబుగారి పేరు బుడే సాహెబు. ఆ మైదానానికి పెద్ద దిక్కు ఆయనే. డెబ్బై ఏళ్ల మనిషి. రోజూ పొద్దున్నే పిచ్ అంచున చెప్పులు విడిచి, వట్టి కాళ్లతో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచేవాడు. మూడుచోట్ల ఆగి, జానెడు ఇనుప మేకును నేలలోకి దింపి, పైకి తీసి, దానికి అంటిన మట్టిని వేళ్ల మధ్య నలిపి చూసేవాడు. ఆ తరువాత, "ఇవాళ మధ్యాహ్నం రెండింటికి ఇక్కడ బీట తీస్తుంది" అని ఒకచోట వేలు పెట్టి చూపేవాడు. రెండు కొట్టేసరికి సరిగ్గా అక్కడే, వెంట్రుకంత సన్నగా, బీట కనిపించేది. చూసినవారు వంగి దాన్ని వేలితో తడిమి చూసేవారు. త్రికోటేశ్వరి అయితే ఆ బీట పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఏదో మహిమ చూస్తున్నదానిలా చూసేది.

తన దగ్గర పని నేర్చుకునేవారికి బుడే సాహెబు ఒక నియమం పెట్టాడు. నోటుపుస్తకంలో ప్రతి పేజీకి నడుమ గీత గీయాలి. ఎడమ గడికి పేరు "నా మాట". కుడి గడికి పేరు "నేల మాట". ఈరోజు నేల ఎలా ఉంటుందో, ఏ వేళకు రోలరు తిప్పవచ్చో, నేర్చుకునేవారు తమకు తోచింది ముందుగా ఎడమ గడిలో రాయాలి. ఆ తరువాతే ఆయన నోరు విప్పుతాడు. సాయంత్రానికి నిజంగా ఏమి జరిగిందో కుడి గడిలో రాయాలి.

త్రికోటేశ్వరి ఆ నియమాన్ని పైకి పాటించింది కానీ లోపల పాటించలేదు. కలం పట్టుకుని ఆలోచిస్తున్నట్టు నిలబడేది. ఆయన చెప్పింది విన్నాక, చటుక్కున అదే మాటను ఎడమ గడిలో రాసేది. సాయంత్రం కుడి గడిలోనూ అదే పడేది. ఆరు నెలల్లో ఆమె పుస్తకంలో ఒక్క తప్పు లేదు. క్రీడా సంఘం కార్యదర్శి పున్నయ్యగారు దాన్ని తిరగేసి, "అబ్బో, ఈ పిల్ల గట్టిదే!" అన్నారు. బుడే సాహెబు కూడా ఒకనాడు తిరగేశాడు. "పుస్తకం చాలా ముచ్చటగా ఉంది తల్లీ. రెండు గడుల్లోనూ నేనే ఉన్నాను" అన్నాడు. ఆమెకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

ఇలా ఉండగా ఆ మైదానానికి జిల్లాల నడుమ జరిగే మహిళల మూడు రోజుల మ్యాచ్ వచ్చింది. అంత పెద్ద మ్యాచ్ అక్కడికి రావడం అదే మొదలు. అది సరిగ్గా పది రోజుల్లో ఉందనగా, బుడే సాహెబుకు కంటి ఆపరేషన్ చేయించడానికి కూతురు వచ్చి ఆయనను గుంటూరు తీసుకువెళ్లింది. వెళ్లేముందు ఆయన త్రికోటేశ్వరి చేతిలో ఇనుప మేకును, గుడ్డలో చుట్టిన ఒక పాత పుస్తకాన్ని పెట్టాడు. "ఇది నేను పని నేర్చుకున్న మొదటి ఏడాది పుస్తకం అమ్మా" అన్నాడు.

అన్ని జవాబులూ అందులో ఉంటాయని ఆమె ఆశపడింది. ఆయన ఆటో మలుపు తిరగకముందే గుడ్డ విప్పింది. మొదటి పేజీలో ఎడమ గడికీ కుడి గడికీ పొంతన లేదు. రెండో పేజీలోనూ లేదు. పేజీలు తిప్పుతూ ఆమె తప్పులు లెక్కపెట్టింది. రెండు వందల పది ఉదయాల్లో నూట ముప్పై ఏడు తప్పులు. ఒకచోట, "రోలరు తిప్పవచ్చు" అని ఎడమ గడిలో ఉంటే, కుడి గడిలో, "పైపొర మొత్తం రోలరుకు అంటుకుని లేచిపోయింది. మేస్త్రి చెవి మెలిపెట్టాడు" అని ఉంది. నేల మీద వేలు పెట్టి బీటను పిలిచే మనిషి ఇన్నిసార్లు తప్పాడా! ఆ మనిషి మీద ఆమెకున్న గౌరవం తగ్గలేదు. ఒళ్లు జలదరించేంతగా పెరిగింది. ఆ మహిమ ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు మొదటిసారి కనబడింది.

మర్నాడు పొద్దున త్రికోటేశ్వరి పిచ్ అంచున చెప్పులు విడిచింది. ఎడమ గడిలో తన సొంత మాట రాసింది. అది తప్పింది. మూడోనాడూ తప్పింది. నాలుగోనాడు సగం నిజమైంది. తొమ్మిది ఉదయాల్లో నాలుగు తప్పాయి, అయిదు నిలిచాయి. తప్పిన ప్రతిసారీ ఎందుకు తప్పిందో కుడి గడిలో చిన్న అక్షరాలతో రాసుకుంది.

మ్యాచ్‌కు ముందురోజు పట్టపగలు, కాలం కాని కాలంలో వాన కురిసింది. కప్పిన టార్పాలిన్ కింద నుంచి నీళ్లు పాకాయి. మ్యాచ్ నాటి పొద్దున ఎండ కాసింది. ఎనిమిదింటికల్లా పిచ్ పైపొర తెల్లబడి, ఆరినట్టే కనిపించింది. పున్నయ్యగారు హడావిడిగా వచ్చారు.

"ఏసోబూ, రోలరు తియ్యి! తొమ్మిదింటికి రెఫరీగారు వస్తారు. పన్నెండులోగా పిచ్ సిద్ధం కాకపోతే మ్యాచ్‌ను వేరే ఊరికి మార్చేస్తారు" అన్నారు.

త్రికోటేశ్వరి పిచ్ మీద వట్టి కాళ్లతో నడిచింది. పైన వెచ్చగా ఉంది. అడుగు ఆనించి నిలబడితే అరికాలికి లోపలి చల్లదనం తగిలింది. మేకు దింపి తీస్తే దాని మొనకు మట్టి మైనంలా అంటుకుంది.

"ఇప్పుడు వద్దండి. పైన ఆరింది, లోపల ఆరలేదు" అంది. ఆ మాట తన నోటి నుంచి వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"నీకేం తెలుసు? ఉండు, సాబుకు ఫోన్ కలుపుతాను" అంటూ పున్నయ్యగారు ఫోన్ కలిపి ఆమె చేతికిచ్చారు.

అటువైపు బుడే సాహెబు గొంతు నెమ్మదిగా వినిపించింది. "ఎడమ గడి నింపావా తల్లీ?"

"ఇంకా లేదు తాతా. మీరు చెబితే..."

"కంటికి పట్టీతో గుంటూరులో మంచం మీదున్నాను. ఇక్కడున్న నా కాళ్లకు అక్కడి నేల సంగతి ఎలా తెలుస్తుంది? దాని మీద నిలబడింది నువ్వు" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

త్రికోటేశ్వరి ఫోన్ తిరిగి ఇచ్చేసింది. ఈ పిచ్ పాడైతే మ్యాచ్ పోతుంది. ఆలస్యమైనా పోతుంది. ఎటు పోయినా ఆ మాట ఆమెదే, పోయే ఉద్యోగమూ ఆమెదే. ఆమె పుస్తకం తెరిచి ఎడమ గడిలో, "పదిన్నర దాకా రోలరు వద్దు" అని రాసి, కింద సంతకం పెట్టి పున్నయ్యగారికి చూపింది.

"తప్పితే?"

"తప్పితే ఎవరి తప్పో అందులోనే ఉందండి."

పున్నయ్యగారికి కోపం వచ్చింది. "ఏసోబూ, పక్కనున్న ప్రాక్టీసు పిచ్ కూడా ఇదే వానకు తడిసిందిగా. దాని మీద తిప్పు. ఈ అమ్మాయి మాటేమిటో తేలిపోతుంది" అన్నారు.

"కదులు దున్నపోతా" అని రోలరునే అదిలిస్తూ ఏసోబు దాన్ని కదిలించాడు. అది నాలుగు గజాలు పోయిందో లేదో, పట్టీ ఊడదీసినట్టు పైపొర లేచి రోలరు చుట్టూ చుట్టుకుంది. అడుగున నల్లమట్టి తడిగా మెరిసింది. అప్పుడే వచ్చి నిలబడిన రెఫరీగారు టోపీ తీసి చేత పట్టుకున్నారు.

పదిన్నర అయింది. అందరూ ఆమె వంక చూశారు. త్రికోటేశ్వరి మేకు దింపి తీసింది. మొనకు ఇంకా కొంచెం మట్టి అంటింది.

"ఇంకా కాలేదండి" అంది.

"ఇందాక పదిన్నర అని రాశావుగా!" అని పున్నయ్యగారు తల పట్టుకున్నారు.

"రాశానండి. నా మాట తప్పింది. నేల ఇంకా ఒప్పుకోలేదు" అంది ఆమె. తప్పు బయటపడినా తాను అక్కడే నిలబడి ఉన్నానని ఆమె గ్రహించింది.

పదకొండూ పదికి మేకు శుభ్రంగా బయటికి వచ్చింది. "ఇప్పుడు తిప్పన్నా" అంది. రోలరు వెళ్లిన దారి అద్దంలా నున్నగా మెరిసింది. పన్నెండుకు పది నిమిషాలుందనగా రెఫరీగారు తలెత్తు నుంచి బంతిని వదిలారు. బంతి ఠంగుమని మోగి పిక్కల దాకా లేచింది. పిచ్ సిద్ధమేనని ఆయన కాగితం మీద సంతకం చేశారు. మూడు రోజుల మ్యాచ్‌లో ఆ పిచ్ మీద ఒక్క పెళ్ల కూడా లేవలేదు.

వారం తరువాత బుడే సాహెబు నల్లకళ్లజోడుతో వచ్చి పుస్తకం అడిగాడు. ఆమె దానితోపాటు మేకునూ ఆయన చేతికిచ్చింది. ఎడమ గడిలో "పదిన్నర". కుడి గడిలో "పదకొండూ పది. గాలి ఆడలేదని లెక్కలోకి తీసుకోలేదు". ఆయన ఆ పేజీని అరచేత్తో నిమిరాడు. తరువాత మేకును తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు. "నలభై నిమిషాలు తప్పావు. ఇక ఈ పుస్తకం నాది కాదు, నీదే" అన్నాడు.

ఆ ఏడాది చివర త్రికోటేశ్వరి ఉద్యోగం ఖాయమైంది. బుడే సాహెబు మరో రెండేళ్లు పనిచేసి, కూతురి దగ్గరకు చేరి, మనవళ్లకు గోళీలాట నేర్పుతూ ప్రశాంతంగా కన్నుమూశాడు. ఏసోబు రోలరు దిగి సోడాల కొట్టు పెట్టుకున్నాడు. పున్నయ్యగారు ఇప్పటికీ కార్యదర్శే. కానీ పిచ్ అంచుకు వస్తే ఎవరూ చెప్పకుండానే చెప్పులు విడుస్తారు. త్రికోటేశ్వరి ఇప్పుడు పెద్ద నగరంలోని ఒక మైదానానికి ప్రధాన బాధ్యురాలు. ఆమె దగ్గర నలుగురు పని నేర్చుకుంటున్నారు. వారిలో ఎవరైనా కలం పట్టుకుని ఆమె ముఖంలోకి చూస్తే, వారు ఎడమ గడి నింపేదాకా ఆమె వెనక్కి తిరిగి నిలబడుతుంది.

నీతి: పనిలో అడుగుపెట్టిన తొలినాళ్లలో పెద్దల మాట వెనుక దాక్కున్నవారికి తప్పులూ రావు, పనీ రాదు; తమకు తోచింది ముందుగా చెప్పి, తప్పితే ఒప్పుకుని దిద్దుకునేవారికే నేర్పూ వస్తుంది, ధైర్యమూ వస్తుంది.