రాని కరువు

అనగనగా ఒక కొండవాలు అడవిలో సూరమ్మ అనే ఏదుపంది, దాని ఒక్కగానొక్క కూన ఉండేవి. సూరమ్మ దుంపలు తవ్వి అమ్మేది. గురవయ్య అనే ఎలుగుబంటి తేనె తీసేవాడు. ఆ విద్య అడవిలో అతనొక్కడికే వచ్చు. తిప్పడు అనే కొండముచ్చు చిటారుకొమ్మల పళ్లు కోసేవాడు.

అక్కడ గురివింద గింజలే డబ్బు. సూరమ్మ గింజలిచ్చి తేనె కొనేది. ఆ గింజలతో గురవయ్య పళ్లు కొనేవాడు. అవే గింజలతో తిప్పడు సూరమ్మ దగ్గర దుంపలు కొనేవాడు. గింజలు అలా తిరుగుతూ ఉండేవి, అందరి కడుపులూ నిండేవి.

ఒక వేసవిలో కాకి వచ్చి, ఈ ఏడు చినుకు పడదని చాటింది. మంచిమాట చెవికెక్కదు గాని పిల్లలూ, ఇలాంటివి ఇట్టే ఎక్కుతాయి. సూరమ్మ గుండెల్లో రాయి పడింది. ఏమైనా సరే, నా కూన బతకాలి అనుకుంది. ఆ రోజు నుంచి తేనె మానేసి, గింజలన్నీ బొరియలో దాచింది. తప్పేముంది? ముందుచూపున్న తల్లి ఎవరైనా అదే చేస్తుంది. ఆ అడవిలో ఇంటింటా అదే చేశారు.

తేనె అమ్ముడుపోక గురవయ్య పళ్లు కొనడం మానేశాడు. పళ్లు అమ్ముడుపోక తిప్పడు దుంపలు కొనడం మానేశాడు. తవ్విన దుంపలు సూరమ్మ గుమ్మంలోనే కుళ్లిపోయాయి.

"చూశావా, చెడ్డరోజులు రానే వచ్చాయి. ముందే జాగ్రత్తపడ్డాను కాబట్టి సరిపోయింది" అని కూనతో చెప్పి, సూరమ్మ బొరియ ఇంకాస్త లోతుగా తవ్వింది.

వాన మాత్రం వేళకే కురిసింది. ఆ తడికి కూనకు దగ్గు పట్టుకుని గొంతు పూడుకుపోయింది. దానికి తేనె ఒక్కటే మందు. సూరమ్మ గింజలు మూటగట్టుకుని గురవయ్య గుహకు పరుగెత్తింది. గుహ ఖాళీగా ఉంది. బయట తిప్పడు కూర్చుని ఉన్నాడు, పళ్లు తప్ప వేరే తిండి లేక చిక్కి సగమయ్యాడు.

"గురవయ్య ఏడి తమ్ముడూ? ఎన్ని గింజలైనా ఇస్తాను. నాలుగు చుక్కల తేనె చాలు" అంది సూరమ్మ.

"కొనేవాళ్లు లేక కొండ దాటి పోయాడక్కా" అన్నాడు తిప్పడు. "నువ్వు కొంటావనే కదా ఆయన చెట్టెక్కింది. నువ్వు మానేశావు, ఆయన మానేశాడు, నేనూ మానేశాను. ఈ కరువు మబ్బుల్లోంచి రాలేదక్కా."

సూరమ్మ కొండ దాటి వెతికింది. గురవయ్య కనబడలేదు. తిరిగి వచ్చేసరికి కూన ఊపిరి ఆగిపోయింది. దాని పక్కనే, బొరియ నిండా గింజలు ఎర్రగా మెరుస్తున్నాయి. సూరమ్మ వాటి మీద పడి ఏడ్చింది.

మర్నాడు ఆకలి లేకపోయినా తిప్పడి దగ్గర దోసెడు పళ్లు కొంది. ఆ గింజలు చేతులు మారాయి. అడవిలో మళ్లీ బేరాలు సాగుతున్నాయన్న కబురు కొండ దాటింది. కొన్నాళ్లకు గురవయ్య తిరిగి వచ్చాడు.

మొదటి దొన్నె తేనె సూరమ్మే కొంది. ఇంట్లో నాకడానికి ఎవరూ లేరు. అయినా ఆ తల్లి కొనడం మానలేదు.

నీతి: ఒకరి ఖర్చే మరొకరి కూడు. భయపడి అందరూ ఒక్కసారే పిడికిలి బిగిస్తే, రాని కరువు కూడా వచ్చి కూర్చుంటుంది.